గోడకి గాలి ఆడాలి: పాత కచేరీలు, కళాకేంద్రాలు - కొన్ని అపోహలు, వాస్తవాలు

నెలకి ఒక ఫోనైనా వస్తుంది. "మా ఊళ్లో పాత తాలూకా కచేరీ ఒకటి ఖాళీగా పడుందండి. పిల్లలకి సంగీతం, డ్యాన్సు క్లాసులు, అప్పుడప్పుడూ ఓ నాటకం పెట్టుకుందామని అందరం అనుకుంటున్నాం. పనికొస్తుందంటారా, కూల్చేయమంటారా?"

గోదావరి జిల్లాల్లో ఇలాంటి భవనాలకి కొదవ లేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసులు కొత్త బిల్డింగుల్లోకి వెళ్లాక పాతవి కొన్ని గోడౌన్లయ్యాయి, కొన్నింటికి తాళం పడింది. కాలవ గట్ల మీది ఇన్‌స్పెక్షన్ బంగళాలు, రీడింగ్ రూములు, టౌన్ హాళ్లు వీటికి అదనం. నేను పాత కట్టడాల మరమ్మతులు చేయించే సివిల్ ఇంజినీరుని. ఫోన్లో ప్రతిసారీ అవే అనుమానాలు, అవే జవాబులు. ఓసారి రాసి పెడితే నా గొంతుకి కాస్త విశ్రాంతి.

అపోహ: సున్నం గోడలు మెత్తబడిపోయాయి, సిమెంట్ పూత వేస్తే గట్టిపడతాయి.

ఇది ఒకప్పుడు నేనూ నమ్మాను. పనిలోకి వచ్చిన కొత్తలో ఓ పాత రీడింగ్ రూముకి లోపలా బయటా సిమెంట్ పూత వేయించాను. గోడలు అద్దంలా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత పలకలు పలకలుగా ఊడింది. ఊడిన పలకొకటి వెనక్కి తిప్పి చూశాను. దానికి ఇటిక పొర కూడా అంటుకుని వచ్చింది. ఆ పొర మీద తెల్లగా ఉప్పు. వేలితో రాస్తే ఇటిక రవ్వలా రాలుతోంది. వందేళ్లు నిలబడిన ఇటికని రెండేళ్లలో పిండి చేసింది నేనే.

డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. పాత గోడల పునాది మీద ఆ నీటిని ఆపే పొర చాలాచోట్ల ఉండదు. ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు ఇటిక ఆ నెమ్ముని పైకి లాగుతుంది. సున్నం పూతలో సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి నెమ్ము బయటికొచ్చి గాలికి ఆరిపోతుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది. నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. వాటితో వచ్చిన ఉప్పు పూత వెనకాలే గడ్డకట్టి, ఉబ్బి, ఇటిక ముఖాన్ని పగలగొడుతుంది. సిమెంట్ గట్టిదే. ఇక్కడ చిక్కంతా ఆ గట్టిదనంతోనే.

ఊడిన పూత ముందు తల పట్టుకుని కూర్చుంటే మా పెద్ద మేస్త్రి గారు అన్నారు: "ఒంటికి రబ్బరు కోటు తొడిగేస్తే చెమట ఎటు పోద్దండి బాబుగారూ? గోడైనా అంతేనండి, ఆయ్."

సున్నానికి బలం లేదనేవాళ్లకి ఒక్క మాట. మన దేశంలో సిమెంట్ ఫ్యాక్టరీ నిలదొక్కుకున్నది 1914లో, పోర్‌బందర్‌లో. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. 1970ల్లో కొత్త బ్యారేజీ పని నడిచేదాకా డెల్టాకి నీళ్లిచ్చింది సున్నంతో కట్టిన ఆ కట్టే. మీ ఊరి కచేరీ 1914కి ముందుదైతే అందులో సిమెంట్ లేనట్టే అనుకోండి.

మరి ఏం చెయ్యాలి? సిమెంట్ పూత ఉంటే ఇటిక దెబ్బతినకుండా నెమ్మదిగా కొట్టేయాలి. గోడని ఒక ఎండాకాలం పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత నీళ్లలో బాగా ఊరిన సున్నం, ఉప్పు లేని ఏటి ఇసక, ఇటిక పొడి కలిపి పల్చటి పొరలుగా వెయ్యాలి. గుల్ల సున్నం ఒక్కటే అయితే తడిలో గట్టిపడదు, అందుకే ఇటిక పొడి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలపడం పాత మేస్త్రీల పద్ధతి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ముట్టుకోవద్దు, కాలవ నీళ్లు వాడండి. ప్రతి పొర మీదా తడి గోనెపట్టాలు కట్టి నెమ్మదిగా ఆరనివ్వాలి. కాంట్రాక్టర్లకి నచ్చనిది ఇదే. బిల్లు మార్చి నెలాఖరులోగా పెట్టాలి, సున్నానికేమో మార్చి నెల తెలీదు. చివర్లో ప్లాస్టిక్ ఎమల్షన్ వేశారంటే ఇంత శ్రమా వృథా. వెల్ల వేస్తే చాలు.

అపోహ: గోడ పగిలిందంటే ఇక పడిపోవడమే.

కొన్ని పగుళ్లు ఊపిరి తీసుకున్నట్టు తెరుచుకుని మూసుకుంటుంటాయి. మన బంకమట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో కాలవలు కట్టేసినప్పుడు గట్టు పక్క భవనాల్లో పగులు వెడల్పవుతుంది, నీళ్లు వదిలాక మళ్లీ సన్నబడుతుంది. అందుకని నేను మొదటిరోజే పగులుకి అడ్డంగా చిన్న గాజు ముక్క పెట్టి, రెండు కొసలూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కనే తేదీ రాస్తాను. ఒక వేసవి, ఒక వానాకాలం చూస్తాను. గాజు పగిలినా, పగులు మళ్లీ తన వెడల్పుకి వచ్చేస్తే అది మట్టి ఆడించే ఆట. ఏడాది తిరిగేసరికి వెడల్పు పెరిగి అలాగే ఉండిపోయినా, పైకి వెళ్లేకొద్దీ నోరు తెరుస్తున్నా, గోడ బయటికి ఒరిగినా ఆ రోజే ఆసరా కర్రలు పెట్టించాలి.

పగుళ్లన్నీ మామూలేనని చెప్పడం లేదు. పాండిచ్చేరిలో పాత మేరీ భవనం, అంటే ఫ్రెంచివాళ్ల కాలపు టౌన్ హాలు, 2014 నవంబర్ వానలకి కుప్పకూలింది. అచ్చం అలాంటిదే మళ్లీ కట్టి 2021లో ప్రారంభించారు. రూపం తిరిగొచ్చింది, పాత గోడలు మాత్రం రాలేదు. కప్పు కారుతుంటే ముందు కప్పు చూడండి. పెంకు మార్చడానికి గ్రాంటు వచ్చేదాకా ఆగితే ఆలోగా గోడ కరుగుతుంది.

అపోహ: దూలాలకి చెద పట్టింది, అన్నీ తీసేసి స్లాబ్ వేసేయాలి.

పాత టేకు దూలం నడుమ భాగం సాధారణంగా దిట్టంగానే ఉంటుంది. పుచ్చేది గోడలోకి దూరిన కొస, అక్కడ గాలి ఉండదు కనక. సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. ఖంగున మోగేచోటు మంచిది, బోలుగా వినిపించేచోట స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. అది అంగుళం లోపలికి దిగిపోతే ఆ కొస పోయినట్టే. అంతవరకే కోసి కొత్త టేకు ముక్క అతుకు వేయించవచ్చు. కొసల చుట్టూ గాలి ఆడేలా కాస్త ఖాళీ వదిలితే చాలు. స్లాబ్ బరువు వేరు, పాత పునాది లెక్క వేరు. రెండూ పొసగవు.

అపోహ: ఎత్తయిన పాత హాలు, మైకు లేకుండానే పాట మోగుతుంది.

మోగుతుంది. మోగుతూనే ఉంటుంది, అదీ బాధ. మేము బాగుచేసిన ఓ తాలూకా కచేరీ హాలు అరవై అడుగుల పొడవు, ముప్ఫై వెడల్పు, ఇరవై ఎత్తు. ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే ఆ చప్పుడు చచ్చేసరికి నాలుగు సెకన్లు పట్టేది. మాట తేటగా వినాలంటే ఒక సెకను, మహా అయితే సెకనున్నర దాటకూడదు. పద్యనాటకం వాళ్లని పిలిచి రిహార్సల్ పెట్టించాం. రాగం తీస్తే దేవుడి గుళ్లో ఉన్నట్టుంది. వచనం మొదలుపెట్టగానే ఒక మాట మీద ఇంకో మాట పడి అంతా గోల. హార్మోనియం ఆయన చెవులు మూసుకుని, "పద్యం వరకూ ఓకే అండి, డైలాగు చచ్చిపోయింది" అన్నారు.

ఈ చిక్కు కొత్తదేం కాదు. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఓ లెక్చర్ హాల్లో ఎవరు మాట్లాడినా ఎవరికీ అర్థం కావట్లేదని సబీన్ అనే కుర్ర ప్రొఫెసర్‌కి అప్పజెప్పారు. శబ్దం ఐదున్నర సెకన్లు తిరుగుతోంది. ఆయన రాత్రిళ్లు పక్క థియేటర్లో కుర్చీల మీది మెత్తలు మోయించుకొచ్చి, ఎన్ని పరిస్తే ఎంత తగ్గుతోందో కొలిచాడు. ఇవాళ్టి లెక్కలన్నీ ఆ మెత్తల్లోంచే పుట్టాయి. మేమూ అదే చేశాం, మెత్తల బదులు టెంట్ హౌస్ పరుపులు. ఇరవై పరుపులు గోడలకి ఆనించి చప్పట్లు కొట్టి చూసుకున్నాం. కుర్రాళ్లు నవ్వారు గానీ, ఎక్కడ ఎంత కావాలో తెలిసిపోయింది.

చివరికి గోడలకి రంధ్రాలు పడకుండా, చెక్క చట్రాలకి కొబ్బరి పీచు పలకలు బిగించి వెనక గోడ వైపు నిలబెట్టాం. వాటికీ గోడకీ మధ్య జానెడు ఖాళీ. నెమ్ము ఆరాలి కదా. కోనసీమలో పీచుకి కరువా? కాకపోతే అది అంటుకుంటే ఆగదు. మంట అంటకుండా మందు పట్టించి, వైరింగ్‌కి దూరంగా పెట్టండి. జనం నిండితే శబ్దం సగం దానంతటదే దిగిపోతుంది కాబట్టి, ఖాళీ హాలుని చూసి మరీ ఎక్కువ పలకలు కొనేయకండి.

అపోహ: పాతదైతే చాలు, ఆర్కియాలజీ వాళ్లు మేకు కూడా కొట్టనివ్వరు.

కేంద్రానికి 1958 నాటి చట్టం ఉంది, రాష్ట్రానికి 1960 నాటిది. రెండూ వర్తించేది రక్షిత కట్టడంగా ప్రకటించినవాటికే. మన తాలూకా కచేరీల్లో చాలావాటికి ఆ ప్రకటన ఉండదు. అయితే సామర్లకోట భీమేశ్వరాలయం లాంటి కేంద్ర రక్షిత కట్టడం పక్కన మీ భవనం ఉంటే వేరే సంగతి. 2010 సవరణ ప్రకారం వంద మీటర్ల లోపు కొత్త కట్టుబడి నిషేధం, ఆపైన ఇంకో రెండొందల మీటర్లదాకా అనుమతి కావాలి.

అసలు తలనొప్పి వేరే ఉంది. కట్టడం ఒక శాఖది, స్థలం ఇంకో శాఖది, కరెంటు మీటరు మూడో శాఖ పేరున. ముందు ఆ కాగితాలు తేల్చుకుని, పంచాయతీ లేదా మునిసిపాలిటీ తీర్మానం చేయించుకుని, అప్పుడు ఇంజినీరుని పిలవండి.

అపోహ: ర్యాంపు పెడితే పాత అందం పోతుంది.

వరదల భయంతో మనవాళ్లు అరుగులు ఎత్తుగా కట్టారు. మూడడుగుల అరుగుకి ఒకటికి పన్నెండు వాలులో ముప్ఫై ఆరడుగుల ర్యాంపు కావాలి. ముందు మెట్ల మీద కుదరదు, పక్క వరండా వైపు చూసుకోండి. పాత గోడకి అంటకుండా, కావాలంటే ఊడదీసేలా ఇనుముతో చేయించవచ్చు. హరికథ చెప్పే డెబ్బై ఏళ్లాయన్ని ఇద్దరు పట్టుకుని మెట్లెక్కిస్తుంటే ఏం అందం చెప్పండి?

అపోహ: ఏసీలు పెట్టిస్తే బొమ్మలూ పటాలూ భద్రం.

ఏసీ రోజంతా ఆగకుండా నడిస్తే అప్పుడు ఆలోచించవచ్చు. పొద్దున వేసి సాయంత్రం కట్టేసేదైతే లేనిదే నయం. చల్లబడిన వస్తువు మీద రాత్రి తేమగాలి తగిలి చెమ్మ పడుతుంది. రోజూ ఇలా తడిసి ఆరితే కాగితం వంకర్లు పోతుంది, తోలుకి బూజు పడుతుంది. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాట కళాకారుల్ని ఓసారి అడిగి చూడండి, బొమ్మకి శత్రువు ఏమిటో. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు గారి బొమ్మలకి రాజమండ్రిలో గ్యాలరీ ఉంది. అలాంటి విలువైనవి మీ కేంద్రానికి అరువు అడిగే ముందు మీ గోడ నెమ్ము సంగతి తేల్చుకోండి. మా కేంద్రంలో అద్దాల పటాలు గోడకి ఆనించకుండా, వెనక సీసా బిరడా ముక్కలు అంటించి వేలాడదీశాం. కిటికీలు పొద్దున్న తెరిచి, వాన మొదలైతే మూసే మనిషికి జీతం బడ్జెట్‌లో మొదటి గీతలోనే రాయించాను. ఆవిడ సెలవు పెట్టిన వారం వాసన చూస్తే తెలిసిపోతుంది.

నాకు ఫోన్ చెయ్యదలిస్తే ముందు ఓ పని చేసి చెయ్యండి. వాన గట్టిగా పడిన మూడో రోజు భవనంలోకి వెళ్లి, లోపలి గోడల మీద నెమ్ము ఎంత ఎత్తుకి ఎక్కిందో చూసి సుద్దముక్కతో గీత గీయండి. నేల నుంచి ఎన్ని అంగుళాలో టేపు పెట్టి ఫోటో తియ్యండి. నాలుగు గోడలవీ పంపండి. అవి చూడకుండా స్టేజీ ఎటు వైపు, కర్టెన్ ఏ రంగు అంటే నేనేం చెప్పను?