ఓ పాజిటివ్ అని తెలిస్తే చాలా?

హైదరాబాద్‌లో ఏ బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గరైనా వినిపించే మాట ఇది: "గ్రూపు మాకు తెలుసు సార్, తొందరగా ఇచ్చేయండి." ఆ కంగారు సహజం. కానీ లోపల జరిగే పనికి గ్రూపు మొదటి మెట్టు మాత్రమే.

ఎర్రకణం పైపొర మీది చక్కెర గొలుసుల చివర్లలో ఉండే తేడాలే ఎ, బి గ్రూపులు. మనకు లేని గొలుసుకు యాంటీబాడీలు పసితనంలోనే తయారవుతాయి. అందుకే ఓ గ్రూపు మనిషికి మొట్టమొదటిసారి ఎక్కించినా ఎ రక్తం పడదు. యాంటీబాడీలు రక్తంలోనే ఉండే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లను రేపుతాయి, అవి కణాలకు చిల్లులు పొడుస్తాయి. మూత్రం ఎర్రబడుతుంది, బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.

దాత రక్తం ఈ రోగికి పడుతుందా అని ముందే చూసే పరీక్ష క్రాస్‌మ్యాచ్. అందులో రోగి సీరం (రక్తంలో యాంటీబాడీలుండే ద్రవం) రెండు చుక్కలు, కడిగి పలచన చేసిన దాత కణాలు ఒక చుక్క కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. తర్వాత సెలైన్‌తో కనీసం మూడుసార్లు కడిగి, కణాలకు అంటుకున్న యాంటీబాడీలను పట్టి ముద్ద కట్టించే కూంబ్స్ రీజెంట్ వేస్తారు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పిన ట్యూబును మెల్లగా కదిపితే కణాలు పొగలా విడిపోవాలి. ముద్దలుగా లేస్తే ఆ బ్యాగు పక్కన పెట్టాల్సిందే. కడగడం సరిగా లేకపోతే మిగిలిన సీరం రీజెంట్‌ను మింగేస్తుంది, సరిపడని రక్తం కూడా సరిపడినట్టే కనిపిస్తుంది. అందుకే ముద్ద కట్టని ట్యూబులో, ముందే యాంటీబాడీలు అంటించి ఉంచిన చెక్ సెల్స్ వేస్తారు. అప్పుడు ముద్ద కట్టాలి. కట్టలేదంటే పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాలి.

రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల్లో ఎర్రకణాల మీదే ఉండే కెల్, ఇ లాంటి ఇతర గుర్తులకు (యాంటిజెన్లకు) కొత్త యాంటీబాడీలు పుట్టుకొస్తాయి. గ్రూపు కలిసినా బ్యాగులు వరసగా తిరిగి వెళ్లేది ఇందుకే. 1952లో ముంబైలో గుర్తించిన బాంబే గ్రూపైతే పైకి ఓ లాగే కనిపిస్తుంది. ఆ మనిషి సీరం మాత్రం ఓ కణాలను కూడా ముద్ద కట్టిస్తుంది.

ఇన్ని పరీక్షలూ వచ్చిన ట్యూబునే నమ్ముతాయి. ప్రాణాంతకమైన పొరపాట్లు ఎక్కువగా జరిగేది ల్యాబ్‌లో కాదు, మంచం పక్కన: శాంపిల్ ఒకరిది, పేరు మరొకరిది. లేబుల్ రోగి పక్కనే, చేతిపట్టీ చూసి రాయాలి. అటెండెంట్లూ అడగొచ్చు: "సిస్టర్, ఐపీ నంబరు మరోసారి చూస్తారా?"

మొదటి 15 నిమిషాలు రక్తం నెమ్మదిగా వెళ్లాలి, మనిషి దగ్గరే ఉండాలి. చలి, నడుంనొప్పి, ఆయాసం మొదలైతే వెంటనే ఆపేసి, సెట్ (రక్తం ఎక్కించే గొట్టం) మార్చి సెలైన్ పెట్టి, డాక్టర్‌ను పిలవాలి. బ్యాగు పారేయకూడదు. సెట్‌తో సహా, కొత్తగా తీసిన శాంపిల్‌తో కలిపి బ్లడ్ బ్యాంకుకు పంపాలి.