ఆడవాళ్ళకు భద్రమైన వీధి: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఇళ్ళు, వీధులు డిజైన్ చేయడం నా వృత్తి. ఆడవాళ్ళ భద్రత ప్రస్తావన వస్తే చాలు, అసోసియేషన్ మీటింగుల్లో కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. మంచి మనసుతో అన్నవే. వాటినే నమ్ముకుని కడితే మాత్రం వీధి ఇంకా భయపెడుతుంది.

అపోహ: ప్రహరీ ఎంత ఎత్తుంటే అంత భద్రం.

వాస్తవం: లోపలున్నవాళ్ళకు సరే, బయట నడిచే అమ్మాయి సంగతేంటి? హైదరాబాద్ పడమటి వైపు గేటెడ్ కమ్యూనిటీల పక్క రోడ్లు చూడండి. పొడవునా గోడే. కిటికీ లేదు, గుమ్మం లేదు, కొట్టు లేదు. అరిచినా వినేవాళ్ళుండరు, పక్కకు తప్పుకుందామంటే దారుండదు. రోడ్డు వైపు గోడ నడుమెత్తు వరకే కట్టి, పైన గ్రిల్ పెట్టమని నేను పట్టుబడతాను. వాచ్‌మన్ గది కిటికీ రోడ్డు వైపూ తెరుచుకోవాలి. మూల మీద ఇస్త్రీ బండికి చోటిస్తే మరీ మంచిది.

అపోహ: తోపుడుబండ్లు తీసేస్తే వీధి బాగుపడుతుంది.

వాస్తవం: రాత్రి తొమ్మిదింటికి బస్సు దిగిన అమ్మాయికి ధైర్యం ఆ బజ్జీల బండీ, పూలమ్మే అమ్మే. బండ్లు పోతే జనం పోతారు. వీధి వ్యాపారులకు చోటు కేటాయించాలని 2014 చట్టమే చెబుతోంది. నడిచే దారి వదిలి, బస్టాపుకు దగ్గర్లోనే ఆ చోటు చూపిస్తే సరి.

అపోహ: పెద్ద లైటు వేస్తే చాలు.

వాస్తవం: ఫ్లడ్‌లైట్ కింద నిలబడ్డ మనిషి అందరికీ కనిపిస్తుంది. ఆమెకు మాత్రం ఆ వెలుగు అవతల చీకట్లో ఎవరున్నారో తెలియదు. ఎదురొచ్చేవాళ్ళ ముఖం కనీసం నాలుగు మీటర్ల దూరం నుంచే పోల్చుకోగలగాలి. అందుకు వెలుగు వీధంతా సమంగా పరుచుకోవాలి: పొట్టి స్తంభాలు, దగ్గర దగ్గరగా. చాలా కాలనీల్లో లైటు చెట్టు కొమ్మల పైన ఉంటుంది, వెలుగంతా ఆకులకే. కొత్త లైటు అడిగే ముందు కొమ్మలు కొట్టించండి.

అపోహ: సీసీ కెమెరా ఉంటే భయం లేదు.

వాస్తవం: జరిగిపోయాక కేసుకు పనికొస్తుంది. దాడి జరగకుండా ఆపాలంటే స్థలమే మారాలి. స్వీడన్‌లోని ఉమియోలో రైలు పట్టాల కింద 2012లో తెరిచిన సబ్‌వేను వెడల్పుగా, మూలలు గుండ్రంగా తిప్పి కట్టారు. మలుపు చాటున ఎవరూ నక్కలేరు, ఇటు నుంచే అవతలి వెలుగు కనిపిస్తుంది.

అపోహ: పార్కు అందరిదీ, ఆడపిల్లలే రారు.

వాస్తవం: తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కుల్లో తగ్గిపోతున్నారని వియన్నా నగరం 1990ల్లో గమనించింది. ఉన్న ఒక్క మైదానాన్నీ మగపిల్లలే ఆక్రమించేవారు. స్థలాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, కూర్చునే చోట్లు, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు పెట్టాక ఆడపిల్లలు మళ్ళీ వచ్చారు.

అపోహ: టాయిలెట్లలో ఇద్దరికీ సమానంగా స్థలమిచ్చాం.

వాస్తవం: యూరినల్స్ వల్ల అంతే చోటులో మగవాళ్ళు ఎక్కువమంది వెళ్ళగలరు. ఆడవాళ్ళకు సమయమూ ఎక్కువ కావాలి, పక్కన చంటిపిల్లలూ ఉంటారు. కాబట్టి వాళ్ళ వైపు గదులు ఎక్కువ ఉండాలి. లోపల గట్టి గడియ, సంచి తగిలించే కొక్కెం, మూత ఉన్న చెత్తబుట్ట తప్పనిసరి. తలుపు మాత్రం వెనక సందులోకి కాదు, జనం తిరిగే వైపే పెట్టాలి.