ఆస్ట్రేలియా తన ట్రిబ్యునల్‌నే ఎందుకు రద్దు చేసుకుంది?

వీసా ఇవ్వలేదు, పెన్షన్ ఆపేశారు, లేదా బాకీ ఉన్నావు కట్టమని నోటీసు వచ్చింది. అలాంటప్పుడు ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని అడగడానికి ఆస్ట్రేలియాలో 1976 జులై నుంచి అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్ ఉండేది. మొదటి అధ్యక్షుడు జెరార్డ్ బ్రెనన్, ఆ తర్వాత దేశానికే చీఫ్ జస్టిస్ అయ్యారు. మొదలైతే అంత బాగా మొదలైంది.

చిక్కల్లా నియామకాల దగ్గరే. సభ్యుల్ని వేసేది ప్రభుత్వం, గడువు ఏడేళ్లకు మించదు, అది ముగిశాక కొనసాగించాలా వద్దా అన్నదీ ప్రభుత్వం ఇష్టమే. అంటే ఈ రోజు ఎవరి నిర్ణయం తప్పని రాస్తున్నారో, రేపు ఆ సభ్యుల ఉద్యోగం వాళ్ల చేతిలోనే ఉంటుందన్నమాట.

టెర్రీ కార్నీ సంగతే చూడండి. న్యాయశాస్త్ర ప్రొఫెసర్, ఇలాంటి ట్రిబ్యునళ్లలో దాదాపు 40 ఏళ్లు పనిచేసిన మనిషి. అప్పట్లో రోబోడెట్ అనే పథకం నడిచేది. ఆరు నెలలు పనిచేసి, మిగతా ఆరు నెలలు పని లేక భత్యం తీసుకున్నవాళ్ల జీతాన్ని కూడా ఏడాది మొత్తానికి సమానంగా పంచేసి, "ఆ నెలల్లోనూ నీకు ఆదాయం ఉంది, తీసుకున్నది తిరిగి కట్టు" అనేవారు. 2017లో కార్నీ ఇలాంటి ఐదు కేసుల్లో ఈ లెక్క చెల్లదని తేల్చారు. ప్రభుత్వం వాటిపై అప్పీలుకూ వెళ్లలేదు, పథకాన్నీ ఆపలేదు. ట్రిబ్యునల్‌లో ఆ తొలి స్థాయి తీర్పులు బయటకు ప్రచురించేవారు కాదు కాబట్టి నోటీసులు అందుకున్న మిగతావాళ్లకు ఆ సంగతే తెలియలేదు. అదే ఏడాది ఆయన గడువు ముగిసింది, మళ్లీ తీసుకోలేదు. కారణం ఆ తీర్పులే కానక్కర్లేదు, పక్క గదిలో అలాంటి ఫైలే ముందు పెట్టుకున్న సభ్యుడికి ఆ అనుమానం వస్తే చాలు, జరగాల్సిన నష్టం జరిగిపోయినట్టే. చివరికి 2020 మేలో 72.1 కోట్ల డాలర్లు జనానికి వెనక్కి ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకోవాల్సి వచ్చింది.

నియామకాలు ప్రతిభ చూసే జరగాలని మాజీ న్యాయమూర్తి ఇయాన్ కాలినన్ తన 2018 సమీక్షలోనే చెప్పారు. 2022 డిసెంబరులో లేబర్ పార్టీ ప్రభుత్వంలో అటార్నీ జనరల్ (అక్కడ ఇది మంత్రి పదవి) మార్క్ డ్రైఫస్ ట్రిబ్యునల్‌ను రద్దు చేస్తామంటూ, పాత ప్రభుత్వం తన మాజీ ఎంపీలు, ఓడిన అభ్యర్థులు, మాజీ సిబ్బంది, సన్నిహితులు కలిపి 85 మంది దాకా అందులో నింపిందన్నారు. ఎదుటి పార్టీ మంత్రి మాట కాబట్టి కొంత ఆచితూచే తీసుకోవాలి, కానీ అది ఊరికే పుట్టిన ఆరోపణ కాదు.

2024 అక్టోబరు 14న కొత్త ట్రిబ్యునల్ వచ్చింది. ఇప్పుడు ఖాళీలకు బహిరంగంగా ప్రకటన ఇవ్వాలి, పరీక్షించి తగినవారని తేలినవాళ్లనే తీసుకోవాలి. ఇది నిజంగా మంచి మార్పు. అయితే సభ్యుల గడువు ఇప్పుడు గరిష్ఠంగా ఐదేళ్లే, ఎవరి పేరు సిఫారసు చేయాలో చివరికి తేల్చేదీ మంత్రే.