అమెరికా కాలేజీ ఆటలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగంలో, కంప్లయన్స్ ఆఫీసులో పనిచేస్తాను. ఆటగాళ్ల అర్హత, స్కాలర్‌షిప్, ప్రాక్టీసు గంటలు నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో చూడటం మా పని. ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగేవి ఇవి.

అపోహ: ఒకప్పుడు సరదాకే ఆడేవాళ్లు, డబ్బు ఈమధ్యే వచ్చింది.

వాస్తవం: రెండు కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి పోటీ ఖర్చు ఒక రైల్వే కంపెనీ పెట్టుకుంది. 1852లో న్యూ హాంప్‌షైర్‌లోని విన్నిపెసాకీ సరస్సులో హార్వర్డ్, యేల్ విద్యార్థుల పడవ పందెం అది. జనం వస్తే టికెట్లు అమ్ముడవుతాయని కంపెనీ లెక్క. ఆటగాడు మాత్రం తన పేరు వాడుకుని సంపాదించుకోవడానికి 2021 జూలై దాకా ఆగాల్సి వచ్చింది. యూనివర్సిటీలు ఆటల ఆదాయంలో నేరుగా వాటా ఇవ్వడం 2025లో, అదీ ఆటగాళ్లు వేసిన కేసులో కోర్టు రాజీ తర్వాతే మొదలైంది.

అపోహ: అన్నిటికీ కాలేజీ ఆటల జాతీయ సంఘం ఎన్‌సీఏఏనే బాస్.

వాస్తవం: కాదు. 1984లో సుప్రీంకోర్టు కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ టీవీ ప్రసారాల మీద దాని పట్టు తీసేసింది. పెద్ద కాలేజీల ఫుట్‌బాల్ విజేతను తేల్చే ప్లేఆఫ్ పోటీలు నడిపేది కూడా ఎన్‌సీఏఏ కాదు.

అపోహ: అమ్మాయిల ఆటలను పెంచి పోషించింది ఎన్‌సీఏఏనే.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. 1972 నాటి టైటిల్ నైన్ చట్టంలో ఆటల ప్రస్తావనే లేదు. కేంద్ర నిధులు తీసుకునే విద్యాసంస్థ ఆడా మగా తేడా చూపకూడదు, అంతే. అది ఆటలకు వర్తించకుండా చూడాలని ఎన్‌సీఏఏ గట్టిగానే లాబీయింగ్ చేసింది. అప్పటికే మహిళలు ఏఐఏడబ్ల్యూ అనే సొంత సంఘం పెట్టుకుని ఛాంపియన్‌షిప్‌లు నడుపుకుంటున్నారు. 1981-82లో ఎన్‌సీఏఏ పోటీగా మహిళల ఛాంపియన్‌షిప్‌లు మొదలుపెట్టింది. కాలేజీలు అటు మళ్లాయి, ఏఐఏడబ్ల్యూ మూతపడింది. ఎక్కడికక్కడ ఆడ, మగ విభాగాలు కలిపేసినప్పుడు డైరెక్టర్ కుర్చీ ఎక్కువగా మగవాళ్లకే దక్కింది. 1972లో మహిళల జట్లకు 90 శాతానికి పైగా మహిళలే కోచ్‌లు. ఇప్పుడు సగం కూడా లేరు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియెగో క్యాంపస్‌లో 1975 నుంచే రెండు విభాగాలనూ నడిపిన జుడిత్ స్వీట్, 1991లో ఎన్‌సీఏఏ తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. అలాంటివాళ్లు అప్పట్లో చాలా అరుదు.

అపోహ: ఆటకు వారానికి 20 గంటలే, చదువుకు ఇబ్బంది ఉండదు.

వాస్తవం: సీజన్‌లో పరిమితి 20 గంటలే, నిజం. కానీ మా లాగ్ షీటు చూడండి. మ్యాచ్ రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా మైదానంలోనే ఉన్నా షీటులో పడేది మూడు గంటలు. బస్సు ప్రయాణం సున్నా. మోకాలికి ఐసు పెట్టించుకుంటూ ఫిజియో గదిలో కూర్చున్న సమయమూ సున్నా. ఈ లెక్క పిల్లలకు అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం.

అపోహ: టెన్నిస్ బాగా ఆడితే ఫుల్ స్కాలర్‌షిప్ ఖాయం.

వాస్తవం: నిన్నమొన్నటి దాకా డివిజన్ వన్‌లో, అంటే ఎన్‌సీఏఏ పై స్థాయిలో, అబ్బాయిల టెన్నిస్ జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే కోచ్ అందరికీ ముక్కలుగా పంచేవాడు. 2025 రాజీలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది కానీ, డబ్బు పెట్టాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. కింది స్థాయి అయిన డివిజన్ త్రీలో, హార్వర్డ్, యేల్ ఉన్న ఐవీ లీగ్ అనే కాలేజీల బృందంలో ఆటకంటూ స్కాలర్‌షిప్ అసలు లేదు. అందుకే కోచ్ ఫోన్‌లో ఏం చెప్పినా, ఎంత శాతం ఇస్తున్నారు, ఎన్నేళ్లకు ఇస్తున్నారు అన్న రెండూ కాగితం మీద చూశాకే సంతకం పెట్టండి.