వేల సైటేషన్లున్న స్కేలు: అపోహలు - వాస్తవాలు

సాంస్కృతిక అస్తిత్వం మీద పీహెచ్‌డీ చేస్తున్న సైకాలజీ విద్యార్థులు చాలామంది ఒకే చోట, అంటే కొలవడానికి స్కేలు (ప్రశ్నావళి) ఎంచుకునే దగ్గర దెబ్బతింటున్నారు. అదీ డేటా అంతా పోగయ్యాక, వెనక్కి వెళ్లే వీల్లేని దశలో. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: స్కేలుకు వేల సైటేషన్లున్నాయి. తెలుగులోకి మార్చి వాడేస్తే ఎవరూ ప్రశ్నించరు.

వాస్తవం: ఆ పేపర్‌ను ఎన్నిచోట్ల ప్రస్తావించారో సైటేషన్లు చెబుతాయి. మీరు కొలవబోయే మనుషులకు అది సరిపోతుందో లేదో చెప్పవు. సైకాలజిస్ట్ జీన్ ఫిన్నీ 1992లో ప్రచురించిన మల్టీగ్రూప్ ఎత్నిక్ ఐడెంటిటీ మెజర్‌నే తీసుకోండి. తన జాతి సమూహంతో మనిషికున్న అనుబంధాన్ని కొలిచే స్కేలు అది. అమెరికాలో 417 మంది హైస్కూలు, 136 మంది కాలేజీ విద్యార్థుల మీద దాన్ని పరీక్షించారు. అక్కడ ఎత్నిక్ గ్రూప్ అంటే ఆసియన్, బ్లాక్, హిస్పానిక్, వైట్ అని రాస్తారు. అదే ప్రశ్న వరంగల్‌లోనో గుంటూరులోనో వేస్తే ఒకరు కులం రాస్తారు, ఒకరు మతం, ఒకరు తెలుగు, మరొకరు తెలంగాణ. మిగతా ప్రశ్నలకూ ఎవరి సమూహాన్ని వాళ్లు తలచుకునే జవాబిస్తారు. 300 మంది స్కోర్లు కూడి సగటు తీస్తే అది దేని సగటు? వైవాలో బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ అడిగేదీ ఇదే. ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె) 0.80 వచ్చిందన్నది దానికి జవాబు కాదు.

కాబట్టి ఏ సమూహం గురించి అడుగుతున్నారో ముందే తేల్చి, సూచనల్లోనే రాయండి: 'ఈ ప్రశ్నలన్నీ మీ మాతృభాష మాట్లాడేవారి గురించే'. లేదా వాళ్లనే ఎంచుకోనిచ్చి, ఎంచుకున్నదాన్ని నమోదు చేసి, విశ్లేషణ విడివిడిగా చేయండి. అనువాదం ఇద్దరు వేర్వేరుగా చేయాలి. రెండూ కలిపి ఒక ప్రతి తయారయ్యాక, ఇంగ్లిష్ మూలం చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బ్యాక్ ట్రాన్స్‌లేషన్ మాటల తేడాను పట్టిస్తుంది గానీ, చదివినవాళ్లకు ఏం అర్థమైందో చెప్పదు. మీ శాంపిల్ లాంటివాళ్లను 8-10 మందిని కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించండి.

1992 నాటి స్కేలులో ఎత్నిక్ ఐడెంటిటీకి చెందిన 14 వాక్యాల్లో రెండు వ్యతిరేకార్థంలో ఉన్నాయి. 'స్పష్టత లేదు' అనే వాక్యానికి 'ఏకీభవించను' అని టిక్కు పెట్టాలంటే తెలుగులో చదివేవాళ్లు తడబడతారు. వాటిని రివర్స్ కోడ్ చేయడం, అంటే మార్కులను తలకిందులు చేయడం మరిస్తే ఆల్ఫా పడిపోతుంది. 2007లో ఫిన్నీ, ఆంథొనీ ఓంగ్ కలిసి దీన్ని 6 వాక్యాలకు కుదించారు: అన్వేషణకు (తన సమూహం గురించి తెలుసుకునే ప్రయత్నం) 3, నిబద్ధతకు (ఆ సమూహంతో బంధం) 3. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను దీన్నే సూచిస్తాను. రెండు సమూహాల సగటులు పోల్చాలనుకుంటే ముందు మెజర్‌మెంట్ ఇన్వేరియన్స్, అంటే స్కేలు రెండు సమూహాల్లోనూ ఒకే విషయాన్ని ఒకేలా కొలుస్తోందా అన్నది మూడు మెట్లలో చూడాలి: కాన్ఫిగరల్, మెట్రిక్, స్కేలార్, ఈ వరుసలోనే. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు సీఎఫ్‌ఐ (మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే సూచిక) 0.01 కన్నా ఎక్కువ తగ్గితే పోలిక అక్కడే ఆపండి.

అపోహ: ఎక్కువ సైటేషన్లంటే అందరూ ఒప్పుకున్న సిద్ధాంతమని.

వాస్తవం: విమర్శ కూడా లెక్కలోకే వస్తుంది. వలస వెళ్లినవాళ్ల గురించి సైకాలజిస్ట్ జాన్ బెర్రీ చెప్పిన నాలుగు వ్యూహాల (రెండు సంస్కృతులనూ పట్టుకోవడం, కొత్తదాంట్లో కలిసిపోవడం, సొంతదానికే పరిమితం కావడం, రెంటికీ దూరం కావడం) మీద ఫ్లాయిడ్ రడ్మిన్ 2003లో సుదీర్ఘమైన విమర్శ రాశారు. అదీ బెర్రీ ఖాతాలో సైటేషనే.

అపోహ: హెచ్-ఇండెక్స్ (పరిశోధకుడి పేపర్లు, వాటి సైటేషన్లు కలిపి ఇచ్చే అంకె) ఎక్కడ చూసినా ఒకటే.

వాస్తవం: కాదు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లను, ప్రీప్రింట్లను కూడా లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ సాధారణంగా స్కోపస్ అనే డేటాబేస్ కన్నా ఎక్కువ కనిపిస్తుంది. అంకె పక్కన డేటాబేస్ పేరు, చూసిన తేదీ రాయండి. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఆ జర్నల్ పేపర్లకు వచ్చే సగటు సైటేషన్ల అంకె. దాన్ని మీ పేపర్ విలువగా బయోడేటాలో రాయకండి.

అపోహ: రెండు సంస్కృతుల మధ్య పెరిగే పిల్లలు రెంటికీ చెడతారు.

వాస్తవం: అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఈ భయంతో నలిగిపోతుంటారు. బెర్రీ, ఫిన్నీ, మరో ఇద్దరు కలిసి 2006లో వెలువరించిన అధ్యయనంలో 13 దేశాల్లో స్థిరపడ్డ వలస కుటుంబాల పిల్లలు 5,366 మంది ఉన్నారు. అందరూ 13-18 ఏళ్లవాళ్లే. సొంత సంస్కృతినీ, ఉన్న దేశాన్నీ రెంటినీ పట్టుకున్న పిల్లలే అందులో పెద్ద వర్గం, సుమారు 36 శాతం. మానసికంగానూ, బడిలో సర్దుకుపోవడంలోనూ వాళ్లే మెరుగ్గా ఉన్నారు. ఇది ఒక్కసారి చేసిన సర్వే, కనుక ఏది కారణమో ఏది ఫలితమో తేల్చదు. వివక్ష ఎదుర్కొంటున్నామన్న పిల్లల పరిస్థితి మాత్రం బాగాలేదు. మీ పిల్లాడు ముభావంగా ఉంటే తెలుగు క్లాసు మానిపించే ముందు, బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో అడగండి.