ఇంజన్ దించే ముందు: పాత పికప్ బళ్ళ మీద అపోహలు - వాస్తవాలు

మా షెడ్డుకి వచ్చేవన్నీ ఎక్కువగా పాత బొలెరో పికప్లు, టాటా 207లు, టాటా ఏస్‌లే. డ్రైవర్ దిగీదిగగానే బండికి ఏమైందో చెప్పడు, ఏం పని చెయ్యాలో చెప్తాడు. "ఇంజన్ పోయిందన్నా, బోర్ చెయ్యాలంట." ఎవరన్నారయ్యా అంటే యార్డులో పక్క బండి డ్రైవర్ అన్నాడంటాడు. బోర్ పని అంటే అరిగిన సిలిండర్లని కోసి సరిచెయ్యడం, చిన్న ఖర్చు కాదు, పైగా బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటే కిరాయిలు పోతాయి. అసలు జబ్బు చూస్తే చాలాసార్లు ఒక హోస్ పైపు దగ్గరో, రాగి వాషర్ దగ్గరో ఉంటుంది. అందుకే రోజూ వినే మాటలు కొన్ని రాస్తున్నా.

అపోహ: పొగ వస్తోందంటే ఇంజన్ అయిపోయినట్టే

ముందు పొగ ఏ రంగో చూడండి. నల్ల పొగ అంటే డీజిల్‌కి సరిపడా గాలి అందట్లేదని, లేదా సిలిండర్‌లోకి డీజిల్ చల్లే నాజిల్ ఎక్కువ పోస్తోందని. పిస్టన్ రింగులకీ దీనికీ నేరుగా సంబంధం లేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి దులపండి, తర్వాత గాలిని నొక్కి పంపే టర్బో నుంచి దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్ణుంచి ఇంజన్‌కి వెళ్ళే రబ్బరు హోస్‌లు చూడండి. ఈమధ్య మదనపల్లె నుంచి టమాటా లోడ్ తోలే బొలెరో ఒకటి వచ్చింది, భాకరాపేట ఘాట్‌లో సెకండ్ గేరు దిగితేగానీ ఎక్కట్లేదు, వెనకాల నల్ల మబ్బు, ఇంకో చోట హాఫ్ ఇంజన్ పని (ఇంజన్ సగం విప్పి చేసేది) అని ఎస్టిమేట్ కూడా ఇచ్చేశారు. హోస్ పైనుంచి చూస్తే బాగానే ఉంది, కింద చెయ్యి పెట్టి తడిమితే క్లిప్పు పక్కన వేలు దూరేంత చీలిక, చుట్టూ ఆయిల్ జిడ్డు. ఐడిల్‌లో ఆ చీలిక మూసుకునే ఉంటుంది, లోడ్ మీద టర్బో ప్రెజర్ వచ్చినప్పుడే తెరుచుకుంటుంది, అందుకే షెడ్డులో నిలబెట్టి రేస్ చేస్తే ఎవరికీ దొరకలేదు. హోస్ మార్చాం, బండి వెళ్ళిపోయింది.

తెల్ల పొగ చలికాలం పొద్దున్నే ఒక నిమిషం వచ్చి పోతే పట్టించుకోనక్కర్లేదు. వేడెక్కాక కూడా ఆగకుండా వస్తూ కళ్ళు మండిస్తే కాలని డీజిల్ అది, నాజిలో, టైమింగో, కంప్రెషనో చూడాలి. కళ్ళు మండకుండా ఆవిరిలా వస్తూ రేడియేటర్‌లో నీళ్ళు కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం పెట్టుకోండి. నీలం పొగ ఒక్కటే ఆయిల్ కాలుతోందని చెప్పేది, దాంట్లో కూడా రింగులే అనుకోకండి, వాల్వ్ సీళ్ళు కావచ్చు, టర్బో సీలు కావచ్చు. ఇంటర్‌కూలర్ పైపు ఊడదీసి చూస్తే లోపల పల్చటి ఆయిల్ పూత మామూలే, ఆయిల్ గుంట కట్టి కారిందంటే మాత్రం టర్బోని అడగాలి.

అపోహ: ఆయిల్ మూత తీస్తే గాలి కొడుతోంది, బ్యాక్ కంప్రెషన్, రింగులు పోయాయి

సిలిండర్‌లో గాలి రింగులు దాటి కిందికి రావడాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఏ డీజిల్ ఇంజన్‌కైనా కొంచెం కొడుతుంది. ఐడిల్‌లో మూతని తిరగేసి రంధ్రం మీద ఊరికే పెట్టండి, కాస్త ఆడితే ఫర్వాలేదు, ఎగిరి పడితే ఆలోచించాలి. అప్పుడు కూడా ఒక పని చెయ్యండి: చాలా పాత పికప్ల్లో బ్రేక్ బూస్టర్ కోసం డైనమో వెనకాల వ్యాక్యూమ్ పంప్ ఉంటుంది, అది లాగిన గాలిని ఇంజన్‌లోకే వదులుతుంది, బూస్టరో పైపో లీకైతే ఆ గాలంతా ఆయిల్ మూత దగ్గర బయటికొస్తుంది. ఆ వ్యాక్యూమ్ పైపు ఊడదీసి పంప్ వైపు మూసేసి మళ్ళీ మూత చూడండి, తేడా తెలిసిపోతుంది. బ్రేక్ ఉండదు కాబట్టి బండి కదపకుండా నిలబెట్టే చూడాలి. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు మడ్డి పట్టి మూసుకుపోయినా ఇదే లక్షణం.

అపోహ: పొద్దున్నే స్టార్ట్ అవ్వకపోతే బ్యాటరీ, లేకపోతే నాజిల్స్

సెల్ఫ్ బాగా తిరుగుతూ స్టార్ట్ అవ్వట్లేదంటే బ్యాటరీని వదిలెయ్యండి, ఎయిర్ పట్టిందేమో చూడండి. రాత్రంతా నిలబడ్డాక ఎక్కడో సన్నటి సందులోంచి గాలి లోపలికి పోయి, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి దిగిపోతుంది. హ్యాండ్ ప్రైమర్ (డీజిల్‌ని చేత్తో కొట్టే పంప్) నొక్కి గట్టిపడ్డాక కొడితే వెంటనే అందుకుందా, అయితే జబ్బు అదే. డీజిల్ బయటికి కారదు కాబట్టి కంటికి కనపడదు, ఫిల్టర్ తర్వాత అడుగు పొడవు లోపల కనపడే ప్లాస్టిక్ పైపు తగిలించి చూస్తే బుడగలు పోతుంటాయి. ఇంకా నమ్మకం కుదరకపోతే శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, బండి పైపు బదులు అందులోంచి లాగించండి, బండి బాగా నడిస్తే ట్యాంకుకీ ఫిల్టర్‌కీ మధ్యే ఎక్కడో ఉంది.

సెల్ఫ్ నిదానంగా తిరుగుతోందా, అప్పుడు కూడా కొత్త బ్యాటరీ కొనే ముందు ఇంజన్ ఎర్త్ వైరు చూడండి. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్ బాడీకి జంపర్ వైరు పెట్టి కొట్టండి, హుషారుగా తిరిగితే ఆ ఎర్త్ వైరు తుప్పు పట్టినట్టే.

అపోహ: స్కానర్ పెడితే ఏ పార్ట్ పోయిందో చెప్పేస్తుంది

చెప్పదు. 2523 సీసీ కామన్ రైల్ (పంప్ ఒకే పైపులో ప్రెజర్ నింపి అక్కణ్ణుంచి నాజిల్స్‌కి, అంటే ఇంజెక్టర్లకి పంపేది) బొలెరోలకి ఎక్కువగా చూసేది పీ0087 అనే కోడ్, అంటే రైల్‌లో ప్రెజర్ తక్కువుందని, అంతే. ఎందుకు తక్కువుందో మనమే చూసుకోవాలి: ఫిల్టర్ మూసుకుపోయిందా, గాలి పడుతోందా, పంపా, లేక ఇంజెక్టర్లు డీజిల్‌ని రిటర్న్ పైపుల్లోకి ఎక్కువ వదిలేస్తున్నాయా. రిటర్న్ పైపులు నాలుగూ నాలుగు సీసాల్లోకి పెట్టి కాసేపు ఐడిల్ చెయ్యండి, ఒక సీసా మిగతావాటికంటే బాగా ముందు నిండితే దొంగ దొరికాడు. ఇది చూడకుండా కోడ్ చూసి హై ప్రెజర్ పంప్ మార్చేసేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

అపోహ: మిస్సింగ్ కొడితే (ఒక సిలిండర్ పని చెయ్యకపోతే) నాజిల్ నట్లు ఒక్కొక్కటీ లూజ్ చేసి చూడాలి

పాత మెకానికల్ పంప్ ఇంజన్లకి నిజమే, ఏ నట్ లూజ్ చేస్తే సౌండ్ మారదో ఆ సిలిండర్ పని చెయ్యట్లేదని. కామన్ రైల్ బండికి మాత్రం ఇంజన్ నడుస్తుండగా ఆ పని చచ్చినా చెయ్యొద్దు. లోడ్ మీద 1000 బార్ దాటే ప్రెజర్ అది, ఐడిల్‌లో కూడా వందల్లో ఉంటుంది, సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూది గుచ్చినట్టు కనపడుతుందంతే కానీ చెయ్యి తీసెయ్యాల్సి రావచ్చు. స్కానర్‌లోనే ఒక్కో సిలిండర్ కట్ చేసి చూడండి. అన్నట్టు ఏస్ వాళ్ళు అడుగుతుంటారు, 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజన్ ఐడిల్‌లో వణకడం దాని పుట్టుక, ప్రతి వణుకూ మిస్సింగ్ కాదు.

అపోహ: మన ఎండలకి థర్మోస్టాట్ పీకేస్తే హీట్ అవ్వదు

ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్. పీకేస్తే ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, బోర్ త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అయితే బైపాస్ దారి తెరుచుకునే ఉండిపోయి, సగం నీళ్ళు రేడియేటర్‌కి పోకుండానే తిరిగొచ్చి ఘాట్‌లో ఇంకా హీటెక్కుతుంది. రేడియేటర్ రెక్కల్లో మట్టి కడగండి, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ మూత చూడండి. గ్యాస్కెట్ అనుమానమైతే పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చెయ్యండి, బుడగలు ఆగకుండా వస్తే తేలిపోయినట్టే. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు.

అపోహ: ఆయిల్ నల్లగా అయిందంటే పాడైనట్టు, తగ్గట్లేదంటే మంచిది

డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ మార్చిన కొన్నాళ్ళకే నల్లబడుతుంది, మసిని పట్టుకోవడం దాని పని. భయపడాల్సింది లెవల్ పెరిగినప్పుడు. డిప్‌స్టిక్ వాసన చూడండి, డీజిల్ వాసనొస్తే పంప్ సీలో ఇంజెక్టరో లీకవుతోంది, అలాగే తోలితే బేరింగులు పోతాయి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి, ఇంక స్టార్ట్ చెయ్యకుండా తాడు కట్టి తెచ్చుకోండి.

అపోహ: పుల్లింగ్ లేదంటే ఇంజన్‌దే తప్పు

ఇంజన్ రేస్ అవుతూ స్పీడు పెరక్కపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. క్లచ్ బాగుంటే, ఖాళీ రోడ్డు మీద ఆగిన చోట, చక్రాల డ్రమ్ములన్నీ ఒక్కోటీ దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి, ఒకటి మిగతావాటికంటే బాగా కాలుతుంటే బ్రేకు పట్టేసింది.

ఇవన్నీ చూశాక కూడా కంప్రెషన్ మీదే అనుమానముంటే, ముందు టాపెట్ సెట్టింగ్ (వాల్వ్‌ల గ్యాప్ సరిచెయ్యడం) చేయించండి, గ్యాప్ లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది. ఆ తర్వాత కంప్రెషన్ గేజ్ పెట్టించండి. మంచి డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజన్ దాదాపు 25 నుంచి 30 బార్ మధ్యలో చూపిస్తుంది, ఒక సిలిండర్‌కీ ఇంకోదానికీ మూడు నాలుగు బార్ కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. సిలిండర్లన్నిటి నంబర్లూ కాగితం మీద రాసిమ్మనండి. గేజ్ లేదు, చెయ్యి పెట్టి చెప్పేస్తా అనే మేస్త్రీ దగ్గర మాత్రం ఇంజన్ దించనివ్వకండి.