లాగేకొద్దీ బిగిసే ముడి

చర్మాన్ని ఎంత సాగదీసినా కణానికీ కణానికీ మధ్య చీలిక ఎందుకు రాదని ఒక పాఠకుడు అడిగారు. కణాల మధ్య జిగురు ఉంటుందని బడిలో చెప్పే జవాబు నాకు ఎన్నడూ నచ్చలేదు. జిగురు ఒకసారి ఎండిపోయాక తన మీద ఎంత బరువు పడుతోందో పట్టించుకోదు. కణసంధి, అంటే రెండు కణాలు అతుక్కునే చోటు, మాత్రం క్షణక్షణమూ పట్టించుకుంటుంది.

పక్కపక్కనున్న కణాల పైపొరల నుంచి బయటికి చాచుకున్న కాడ్‌హెరిన్ ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. దీనికి కాల్షియం తప్పనిసరి. ఆ సంగతి జపాన్‌కు చెందిన మసతోషి తాకెయిచి 1970ల పరిశోధనలతో తేలింది. కణం లోపల కాడ్‌హెరిన్ తోకకు బీటా-కెటెనిన్ అనే ప్రొటీన్, దానికి ఆల్ఫా-కెటెనిన్ అనే మరో ప్రొటీన్, దానికి కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ తంతువులు తగులుకుని ఉంటాయని, ఆ తంతువులను మయోసిన్ అనే ప్రొటీన్ ఎప్పుడూ లాగుతూ ఉంటుందని పాఠ్యపుస్తకాలు బొమ్మ గీసి చూపేవి.

2005లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విలియం వైస్, జేమ్స్ నెల్సన్ బృందాలు ఈ ప్రొటీన్లను శుద్ధిచేసి కలిపి చూస్తే ఆ బొమ్మే తప్పనిపించింది: బీటా-కెటెనిన్‌ను పట్టుకున్న ఆల్ఫా-కెటెనిన్ ఆక్టిన్‌ను సరిగా పట్టుకోలేదు. చిక్కు 2014లో విడింది. లేజర్ కాంతితో ఆక్టిన్ తంతువును పట్టి లాగినప్పుడు అదే బంధం నిలిచింది. పరీక్షనాళికలో కొరవడినది ప్రొటీన్ కాదు, బిగువు.

బావిలో వేసిన బొక్కెనకు కట్టే ఉచ్చుముడిని తలచుకోండి. ఖాళీ బొక్కెనకు అది వదులుగా వేలాడుతుంది, నీళ్లు నిండి బరువు పడేకొద్దీ బిగుస్తుంది. మామూలు రసాయన బంధాలు లాగితే త్వరగా తెగుతాయి, ఆల్ఫా-కెటెనిన్‌కూ ఆక్టిన్‌కూ మధ్య బంధం మాత్రం ఈ ముడిలాగే, లాగితే ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే ముడికీ ఒక హద్దుంది: సుమారు 10 పికోన్యూటన్లు దాటితే ఈ బంధం కూడా జారిపోతుంది. ఒక పికోన్యూటన్ అంటే దాదాపు గ్రాములో వెయ్యి కోట్లవ వంతు బరువు!

ఇంకా తక్కువ బలానికే, 5 పికోన్యూటన్ల దగ్గర, ఆల్ఫా-కెటెనిన్‌లో మడతపడి దాగిన ఒక భాగం విచ్చుకుంటుంది. అక్కడ విన్‌క్యులిన్ అనే ఇంకో ప్రొటీన్ వచ్చి అతుక్కుని మరికొన్ని ఆక్టిన్ తంతువులను తెచ్చి కడుతుంది. లాగుడు అనే బలం ఇక్కడ కబురుగా మారింది. బొక్కెన బరువెక్కిందని తెలిసి ఇంకొకరు వచ్చి తాడు పట్టుకున్నట్టు.

బీటా-కెటెనిన్‌ది రెండు పడవల ప్రయాణం. సంధిలో ఉన్నంతసేపు అది తాడులో ఒక పేట. విడివడి, నాశనం కాకుండా మిగిలి కేంద్రకానికి చేరితే కణ విభజనకు తోడ్పడే జన్యువులను మేల్కొలుపుతుంది.

పక్కనే ఉండే మరో రకం సంధుల మీదికి, అంటే డెస్మోసోముల మీదికి, శరీరం తన ప్రతిరక్షకాలనే ఎక్కుపెడితే చర్మమంతా బొబ్బలెక్కే పెంఫిగస్ వ్యాధి వస్తుంది. బొబ్బ కనబడగానే అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి ఊరుకునేవారు ఈ జబ్బుకు వైద్యుణ్ని చూడవలసిందే.

బొక్కెన పోలిక ఒకచోట మాత్రం తప్పుతుంది. నీళ్లు ఒంపేసినా ఉచ్చుముడి బిగుసుకునే ఉంటుంది, విప్పడానికి గోళ్లు అరగాలి. కణంలో మయోసిన్‌ను మందుతో ఆపితే ఆల్ఫా-కెటెనిన్ తిరిగి మడతపడుతుంది, విన్‌క్యులిన్ సంధిని వదిలిపోతుంది.